క్యాచర్ లేని ఆల్ స్టార్ జట్టు

నేను పదవీ విరమణ చేయడానికి కొద్ది సంవత్సరాల ముందు, పత్తి తీతలు మొదలైన రోజుల్లో, గుంటూరు జిల్లా బాలికల బేస్‌బాల్ జట్టు ఎంపిక సంఘంలో నన్ను సభ్యుడిగా వేశారు. అప్పుడు నేను ప్రత్తిపాడు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ డైరెక్టర్ని. హోదా పేరు ఘనంగా ఉంటుంది గానీ, ఊళ్లో అందరికీ నేను డ్రిల్లు మాస్టార్నే. బేస్‌బాల్ అమెరికావాళ్ల ఆట కదా, మనకెందుకండీ అని అడిగినవాళ్లకు నా జవాబు ఒకటే. జిల్లా జట్టులో రాష్ట్ర పోటీలకు వెళ్లిన పిల్లకు స్పోర్ట్స్ హాస్టల్లో చోటు దొరికే అవకాశం ఉంది. చోటు దొరికితే ఇంటర్ చదువూ తిండీ ఉచితం. ఆ తర్వాత మీరు దాన్ని బిళ్లంగోడు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఎంపిక పద్ధతి మా జిల్లాలో ఏళ్ల తరబడి ఒకటే. ప్రతి పిల్లా కొన్ని బంతులు కొట్టాలి, దూరానికి విసరాలి, పరుగెత్తాలి. బంతులు వేసేది మాలో ఒక మాస్టారు, అదీ నెమ్మదిగా. కొట్టే పిల్ల వెనక ఒక వల కట్టేవాళ్లం, తప్పిన బంతులు అందులో పడేవి. దీనికి తోడు మండలానికి ఒక్కరే అన్న ఆనవాయితీ. అన్ని మండలాల వాళ్లనూ సంతోషపెట్టడానికి ఎవరో పెద్దమనిషి పెట్టింది, ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు.

ఆ ఏడాది వెంకటేశ్వర్లు గారు వచ్చి చేరారు. మిర్చి వ్యాపారి, కోల్డ్ స్టోరేజి యజమాని. బ్యాట్లు, గ్లవ్స్, డ్రెస్సులు అన్నీ తానే కొనిస్తానన్నారు. మంచి మనిషి, కాదనను. కాకపోతే టీవీలో అమెరికావాళ్ల ఆల్ స్టార్ ఆట చూశారట, అందులో ఆటగాళ్లను జనమే ఓట్లేసి ఎన్నుకుంటారట, మన జట్టును కూడా అలాగే ఎన్నుకోవాలని ముచ్చటపడ్డారు. పిల్లల వీడియోలు ఫోన్లలో పెట్టాలి, ఓట్లు వేయించాలి, సగం మార్కులు వాటికే. ఎంపిక సంఘం కన్వీనరు రామ్మోహనరావు గారు ఎగిరి గంతేశారు. "జనమే ఎన్నుకుంటే రేపు మన మీద ఎవడూ పిటిషన్ పెట్టడండీ" అన్నారు. ఆయన భయం ఆయనది.

మా స్కూలు నుంచి ఇద్దరు పోటీలో ఉన్నారు. భవాని పిచర్, అంటే బంతి విసిరేది. నాగమణి క్యాచర్. కొట్టే పిల్ల వెనక గొంతుక్కూర్చుని, ముఖానికి మాస్కు వేసుకుని, తప్పిన ప్రతి బంతినీ పట్టాలి. బంతి వెనక్కి జారిపోయిందంటే బేసుల మీద, అంటే మైదానం మూలల్లో గుర్తుపెట్టిన చోట్ల, ఆగి ఉన్న ప్రత్యర్థులు పరుగులు తీసేస్తారు. వీడియోలో భవాని విసురు చూసి జనం ఆహా అన్నారు. నాగమణి వీడియోలో కనిపించింది ఒక మాస్కు, ఒక గ్లవ్. ముఖమే కనపడని పిల్లకు ఓటెవరు వేస్తారు?

నాగమణికి అది ఆఖరి అవకాశం. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. వాళ్ల నాన్న కౌలుకు మిరప వేసే మనిషి, మాట దాచుకోడు. "జిల్లా జట్టులోకొచ్చి హాస్టల్లో సీటొస్తే పంపిస్తా మాస్టారూ. లేదంటే టెన్త్ అవగానే చేలోకే. చదివించే ఓపిక నాకు లేదు" అని నా మొహం మీదే చెప్పాడు.

ఫలితాల్లో భవానికి అందరికన్నా ఎక్కువ ఓట్లు. తర్వాతి స్థానం హారికది. బ్రాడీపేటలో ఒక పెద్ద ప్రైవేటు స్కూలు పిల్ల, బాగా కొడుతుంది, తోటి పిల్లల తల్లిదండ్రులంతా ఓట్లు వేశారు. జట్టు నిండా కొట్టేవాళ్లూ పరుగెత్తేవాళ్లే. క్యాచర్ ఒక్కరూ లేరు! నాగమణి పేరు చెబితే, మీ మండలం కోటా భవానితో అయిపోయిందన్నారు. "క్యాచర్‌దేముందండీ, బంతి పట్టుకోవడమేగా! చురుకైన పిల్లలు, ఎవరో ఒకరు కూర్చుంటారు" అని కన్వీనరు తేల్చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాటన్నది ఇరవై ఏళ్లు మైదానంలో నిలబడ్డ మనిషి!

శిక్షణ శిబిరం గుంటూరులో ఒక కాలేజీ మైదానంలో పెట్టారు. మొదటిరోజు హారికను క్యాచర్‌గా కూర్చోబెట్టారు. భవాని విసిరిన తొలి బంతికి పాపం ఆ పిల్ల కళ్లు మూసుకుంది. బంతి భుజానికి తగిలి పక్కకు పోయింది. ఆ తర్వాతివి గోడ దాకా పోయాయి. ఇంకో ఇద్దర్ని మార్చి చూశారు, అదే తంతు. కాసేపటికి భవాని వేగం తగ్గించింది, బ్యాటు పట్టిన తోటి పిల్లలు దంచి కొట్టారు.

"మీ స్టారు తుస్సుమందేంటి మాస్టారూ?" అన్నారు రామ్మోహనరావు గారు.

నేను నోరు తెరిచేలోగా భవానే చెప్పింది. "నేనే మెల్లగా వేస్తున్నానండీ. గట్టిగా వేస్తే వీళ్లకి దెబ్బ తగులుద్ది. నాగమణిని పిలిపించండి సార్, అప్పుడు చూద్దురుగాని."

సాయంత్రం వెంకటేశ్వర్లు గారు జట్టును చూడ్డానికి వచ్చారు. ఆయన్ని పక్కకు తీసుకెళ్లి ఒకటే అడిగాను, యార్డులో మిర్చి టిక్కీ కొనేటప్పుడు బస్తా మూతి దగ్గర కాయలు చూసే బేరం చేస్తారా అని. "పిచ్చా మాస్టారూ! మధ్యలోంచి కాయ తీయించి చూడకపోతే కొంప మునిగినట్టే" అన్నారు. మరి ఈ జట్టును మూతి దగ్గరే చూసి కొన్నామండీ అని, నాగమణి సంగతి చెప్పాను. ఆయన నవ్వారు. తర్వాత కన్వీనర్ని పిలిచి, రేపు ఆ పిల్లను ఒకసారి చూడమన్నారు.

మర్నాడు నాగమణి మొదటి బస్సుకే వచ్చింది. ముందురోజు పత్తి తీసిన చేతులు, వేళ్ల చివర్లు గీసుకుపోయి ఉన్నాయి. మాస్కు తగిలించుకుని కూర్చుంది. భవాని ఈసారి చెయ్యి దాచుకోలేదు. బంతి వచ్చి గ్లవ్‌లో పడ్డ చప్పుడు మేం కూర్చున్న చెట్టుకింద దాకా వినిపించింది. ఓట్లలో ముందున్న వాళ్లంతా వరసగా వచ్చి గాలిని కొట్టి వెళ్లారు. వెనక్కి పోయిన బంతి ఒక్కటీ లేదు.

కన్వీనరు గారు మళ్లీ మండలం సంగతి ఎత్తారు గానీ, ఈసారి గొంతులో పస లేదు. రూల్సు పుస్తకం తెరవమన్నాను. అందులో మండలం అన్న మాటే లేదని ఆయనకూ తెలుసు. నాగమణిని తీసుకున్నారు. జట్టు సంఖ్య పెరగదు కాబట్టి ఒకరు బయటికి వెళ్లాలి. ఓట్లు పక్కనపెట్టి మైదానం మార్కులు చూస్తే, బాగా కొట్టినా విసురులో, పరుగులో వెనకబడి అందరికన్నా కిందున్నది హారిక.

హారిక వాళ్ల నాన్న వచ్చి మైదానం మధ్యలోనే నిలదీశాడు. "జనం వేసిన ఓట్లు కొట్టేయడానికి మీరెవరండీ?" ఆయన కోపంలో న్యాయం ఉంది. క్యాచర్ ఎందుకు కావాలో నేను ఓపిగ్గా వివరించాను. హారిక అంతా విని, ఏడవకుండా, మర్యాదగానే అడిగింది.

"క్యాచర్ కావాలని ముందే చెప్పుంటే నేను నేర్చుకునేదాన్ని కదండీ?"



రాష్ట్ర పోటీల్లో మా జట్టు సెమీఫైనల్లో ఓడింది. నాగమణికి హాస్టల్లో సీటొచ్చింది, వాళ్ల నాన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ కబురు విన్నరోజు నాకు నిజంగా ఆనందమేసింది. వెంకటేశ్వర్లు గారు మరుసటి ఏడాదీ డ్రెస్సులు కొనిచ్చారు, ఓట్ల ఊసు మాత్రం ఎత్తలేదు.

రిటైరయ్యేదాకా ఏ సెలక్షన్‌కు వెళ్లినా నేను రెండు పనులు చేయించాను. వల తీయించి అక్కడ క్యాచర్‌ను కూర్చోబెట్టించాను. ఏ స్థానానికి ఎందరు కావాలో నెల ముందే అన్ని స్కూళ్లకూ తెలియజేయించాను. మొదటిది నాగమణిని చూసి నేర్చుకున్నది. రెండోది హారిక అడిగినది.