మునిచంద్ర వినడం నేర్చుకున్న కోడ్

పుంగనూరు మునిచంద్రకు ముప్పై దాటగానే చూపు అంచుల నుంచి మూసుకుపోవడం మొదలైంది. మదనపల్లెలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని. గొర్రెలకు టీకా వేయించాల్సిన తేదీని కాపరుల ఫోన్లకు పంపే ప్రోగ్రామ్ రాసింది అతనే. ఒకసారి చదివితే తప్పు దొరికిపోతుందని తన కళ్లమీద మహా నమ్మకం. చూపు సంగతి ఎవరికీ చెప్పలేదు. తెరమీద అక్షరాలు పెద్దవి చేసుకుని నెట్టుకొచ్చాడు.

పక్క సీటు రేష్మ లింటర్ పెట్టుకుందామంది. కోడ్‌ను నడపకముందే చదివి, తేడా ఉన్న చోటు చూపించే సాధనం అది.

"నా కండ్లుండంగా అదెందుకమ్మా," అన్నాడు.

ఆ ఏడాది ప్రోగ్రామును కొంత మార్చాడు. తొలకరి పడ్డాక కురబలకోట నుంచి గంగులప్ప అనే కాపరి వచ్చాడు.

"మీ మెసేజ్ నమ్ముకోని ఉంటి సామీ. అది రాలే. చిటుకు రోగమొచ్చి మందలో సగం పోయినాయి."

అరవలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

రేష్మ వెతికి చూస్తే, కోడ్‌లో టీకా తేదీకి పెట్టుకున్న పేరులో ఒకచోట ఒక అక్షరం జారిపోయి ఉంది. అక్షరం తగ్గిన ఆ పేరు ప్రోగ్రాముకు తెలియదు. అందుకే మెసేజ్ కదల్లేదు.

"లింటర్ ఉండింటే ఇది దొరికేది కదన్నా. యాల వద్దంటివి?"

"నాకు కనపడలేదమ్మా," అన్నాడు మునిచంద్ర. "శానా దినాలుగా సరిగ్గా కనపడతా లేదు."

ఆ మాట బయటికి రావడానికి అంత నష్టం జరగాల్సి వచ్చిందే అని కుమిలిపోయాడు. కురబలకోట వెళ్లి, ప్రోగ్రామ్ బాగుచేశామని చెప్పాడు. గంగులప్ప తలాడించాడు గానీ, "ఇంక నేను పశువుల డాక్టర్నే అడిగి తెలుసుకుంటాలేప్పా" అని మంద వెంట వెళ్లిపోయాడు.

చూపు మళ్లీ రాలేదు. తెరమీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో మునిచంద్ర పని మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. ఏ వరుసలో ఏ తప్పుందో లింటర్ చెబితే చెవులతో విని దిద్దేవాడు. లింటర్‌కు తెలియనివీ ఉంటాయి. జనవరి ముప్పై ఒకటికి నెల కలిపితే ఏ తేదీ రావాలో దానికేం తెలుసు? ఆ ప్రశ్నను, రావాల్సిన జవాబును టెస్టుగా రాసిపెట్టాడు. కోడ్‌లో ఏది మార్చినా టెస్టులన్నీ వాటంతటవే నడిచేవి.

ఇప్పుడతను కుప్పంలో కొత్తగా కోడ్ నేర్చుకునేవాళ్లకు పాఠం చెబుతున్నాడు. మొదటి రోజే లింటర్, రెండో రోజే టెస్టు. మొన్న ఇరమ్ అనే అమ్మాయి తన కోడ్‌కు రాసిన తొలి టెస్టు నడిపితే తప్పింది.

"సార్, తెరమీద అంతా ఎర్రగా వచ్చేసింది," అంది బెదిరిపోయి.

"రానీమ్మా. ఈడ తప్పితే ఎవురికీ ఏమీ కాదు. ఏం రావల్ల, ఏం వచ్చిందో సదువు."

ఆమె నెమ్మదిగా చదివింది. అతను తల వంచి విన్నాడు.