మోటారుకు కొసరు

రౌస్ హిల్‌లో మా గరాజ్ మూలన పడున్న గడ్డి కోసే పాత లాన్‌మోవర్‌ను మొన్న శనివారం బయటికి లాగి కార్బురేటర్ మూత తీయగానే, నిలవ పెట్రోలు, ఎండిన గడ్డి, వేడెక్కిన రబ్బరు కలగలిసిన వాసన ముఖానికి కొట్టింది. దానికి కాస్త ఇంగువ, కాస్త ఎండుమిరప ఘాటు చేరిస్తే అచ్చం పెండిల్ హిల్‌లో మా దుకాణం వెనక సందు వాసనే. వాసనలకు వయసు రాదు కాబోలు. నాకు మాత్రం వచ్చింది.

మా తాత చీరాలలో కిరాణా కొట్టు నడిపాడు, నాన్న సముద్రం దాటొచ్చి పెండిల్ హిల్‌లో నడిపాడు, నేను నడపకుండా తప్పించుకున్నాను గానీ బుద్ధి మాత్రం కౌంటరు వెనకే ఉండిపోయింది. బియ్యం బస్తాల మీదెక్కి హోంవర్కు చేసుకోవడం, సందులో పాల క్రేటును వికెట్లుగా నిలబెట్టి క్రికెట్ ఆడడం, జనవరి ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటుంటే గెంతుకుంటూ మామిడిపళ్ల పెట్టెలు లోపలికి మోయడం, ఇదీ నా చిన్నతనం. నాన్న కందిపప్పు బస్తాలోంచి తీసి తూచేవాడు. ముల్లు సరిగ్గా నిలబడ్డాక, ఎదుటనున్న ఆంటీ ముఖంలోకి చూసి మరో గుప్పెడు సంచిలో పడేసేవాడు. అది కొసరు. ఆ గుప్పెడు చూస్తే నాకు కడుపు మండేది. అమ్మ చేసిన చేగోడీలు లంచమిచ్చి స్కూల్లో లెక్కలు చేయించుకున్న ఘనుణ్ణి; అడక్కుండానే ఇవ్వడమంటే నా దృష్టిలో పిచ్చితనమే.

సందుకు అవతలి ఇల్లు కెవిన్ అంకుల్‌ది. పని చాలించిన మెకానిక్, భార్య పోయి ఒంటరిగా ఉండేవాడు. ఆయన షెడ్డులో ట్రెయిలర్ మీద ఎర్రటి జెట్ బోటు ఉండేది. దానికి కింద తిరిగే పంకా ఉండదు. మోటారు నది నీళ్లను అడుగునుంచి పీల్చి వెనక గొట్టంలోంచి చిమ్మితే ఆ ఊపుకే ముందుకు దూకుతుంది, ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పితేనే మలుపు తిరుగుతుంది. మోటారు ఆగిందంటే స్టీరింగు ఎంత తిప్పినా బొమ్మ స్టీరింగే. దాన్ని ఒక్కసారి నడపాలని నాకు చిన్నప్పటి నుంచీ ఆశ. యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతుండగా, ఇక ఆగలేక బేరానికి దిగాను. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే గానీ, ఇన్నేళ్లలో ఆ మాటలు నా చెవుల్లో తెలుగైపోయాయి.

"మీ అమ్మ వండే మటన్ వాసన పదేళ్లుగా నన్ను చంపుతోంది, మేట్."

"ప్రతి శనివారం డబ్బా వస్తుంది అంకుల్. నాకు కార్బురేటర్ నేర్పాలి."

"సరే."

"నది మీద స్టీరింగు కూడా ఇవ్వాలి."

"అబ్బో! నీ దగ్గర పాత కారు కూడా కొనకూడదు," అని నవ్వి చెయ్యి కలిపాడు.

గెలిచాననుకున్నాను. శనివారం మధ్యాహ్నాలు షెడ్డు రేకుల కింద ఉడికిపోతూ పాఠాలు మొదలయ్యాయి. మోటారుకు కావలసిన గాలినీ పెట్రోలునీ కలిపేది కార్బురేటర్. ఆ పాళ్లు తేల్చేది పక్కనున్న చిన్న స్క్రూ; బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. దాన్ని రెండు వేళ్లతో మెల్లగా బిగించాలి, తగలగానే ఆగాలి, అక్కడినుంచి చుట్టున్నర వదులు చేసి మోటారు స్టార్ట్ చేయాలి. ఆ తర్వాత కొంచెం కొంచెంగా బిగిస్తూ పోతే ఒకచోట శబ్దం తడబడుతుంది. అక్కడ వెనక్కి తిప్పాలి, నునుపు వచ్చాక ఇంకొక్క వెంట్రుకంత తిప్పాలి. తిప్పిన ప్రతిసారీ ఆయన చేతులు కట్టుకుని నా ముఖంలోకే చూస్తూ అడిగేవాడు: "ఎలా వినిపిస్తోంది, మేట్?" ఇంత అనుభవం ఉన్నవాడు నన్ను అడుగుతున్నాడంటే పరీక్ష పెడుతున్నాడని అనుకుని, తాలింపు సరిగ్గా పడినట్టుందనీ, మా తాత దగ్గులా ఉందనీ వర్ణించి చెప్పేవాణ్ణి. ఆయన తల ఊపేవాడు.

నవంబరులో ఆయన కూతురు జూలీ క్వీన్స్‌లాండ్ నుంచి ఉత్తరం రాసింది. ఒంటరిగా ఈ వయసులో బోటేమిటి, అమ్మేయమంది. చివరికి తండ్రీ కూతుళ్లు ఒక మాటకొచ్చారు: క్రిస్మస్ మర్నాడు తను వచ్చి చూస్తుంది, బోటు హాక్స్‌బరీ నదిలో పెద్ద మలుపు దాకా వెళ్లి తిరిగొస్తే ఉంచుకోవచ్చు, లేకపోతే కొనేవాడు ట్రెయిలర్‌తో సహా తీసుకుపోతాడు. ఆ సంగతి చెబుతూ ఆయన బోటును గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు, అప్పటికే తుడిచిన చోటే.

ఆ ఏడు క్రిస్మస్‌కి ఎండ మండిపోతున్నా అమ్మ పొయ్యి ముందు నుంచి కదల్లేదు. చర్చి నుంచి వచ్చి చొక్కాలు మార్చుకునేలోపే ఇల్లంతా అరిసెల పాకం వాసన, పెరట్లో గోంగూర మడికి నీళ్లు పెట్టిన తడిమట్టి వాసన. కెవిన్ అంకుల్ బీరుతో అరిసెలు నంజుకుని, ఇంతకంటే స్వర్గం ఉండదన్నాడు. ఆ సాయంత్రం ఆఖరిసారి స్క్రూ సరిచూసే పని నాకు వదిలాడు. ఆ మోటారు పెట్రోలు తాగే తీరు చూసి నాకెప్పుడూ ప్రాణం ఉసూరుమనేది. ఆయన చెప్పిన చోటు నుంచి ఒక పావు చుట్టు బిగించాను. షెడ్డు ముందు గొట్టంతో నీళ్లు పెట్టి నడిపితే హాయిగానే తిరిగింది.

"ఎలా వినిపిస్తోంది?"

"బ్రహ్మాండంగా."

మర్నాడు జూలీ, అమ్మ ఒడ్డున చెట్టు నీడన కూర్చున్నారు, మధ్యలో పులిహోర గిన్నె. ఇస్త్రీ చొక్కా మీద లైఫ్ జాకెట్ తొడుక్కుని నాన్న కూడా ఎక్కాడు. ముందు కెవిన్ అంకుల్ నడుపుతాడు, తిరిగొచ్చేటప్పుడు నేను. షెడ్డు ముందు మోటారుకు బరువు లేదు. ఇక్కడ నది మొత్తం దాని మీద పడింది. ఆయన వేగం పెంచగానే ఖళ్ళుమంది, తడబడింది. "తగ్గించండి అంకుల్!" అని అరిచాను. ఆయన తల తిప్పలేదు. ఇంకా పెంచాడు. టప్పున పేలినట్టు ఒక చప్పుడు, ఆ వెంటనే నిశ్శబ్దం. స్టీరింగు తిప్పుతున్నాడు గానీ బోటు నీటివాలుకు పక్కకు కొట్టుకుపోయి మడచెట్ల బురదలో మెత్తగా కూరుకుంది.

ఆగిపోయిందని ఆయనకు తెలిసింది బోటు కదలిక వల్లే గానీ చప్పుడు వల్ల కాదు. అప్పుడు అర్థమైంది. కౌంటరు ముందు నిలబడ్డవాడి ముఖం చూసి ఎంతకు దిగుతాడో చెప్పగలనని విర్రవీగేవాణ్ణి, పది నెలలు ఆ ముఖాన్ని ఎదురుగా పెట్టుకుని ఇంతమాత్రం కనిపెట్టలేకపోయాను.

ఆయన నీళ్లలోకి చూస్తూ మెల్లగా అన్నాడు. "చప్పుళ్లు సరిగ్గా అందడం మానేసి నాలుగేళ్లయింది, మేట్. నీ చెవులతోనే నెట్టుకొస్తున్నా. జూలీకి చెప్పకు."

నాన్న నా వైపు తిరిగాడు. "నువ్వేం చేశావ్‌రా?"

"పెట్రోలు కలిసొస్తుందని పావు చుట్టు బిగించా."

"ఓరి నీ అసాధ్యం కూలా, మోటారుక్కూడా తరుగు తీశావంట్రా!" అని, కోపంలో కూడా నవ్వాపుకోలేక, "ఇచ్చెయ్యి, తీసిందంతా తిరిగిచ్చెయ్యి. ఇంకాస్త కొసరు కూడా ఎయ్యి," అన్నాడు.

మూత ఎత్తి పావు చుట్టు వెనక్కి తిప్పాను, ఆపైన ఇంకొక్క వెంట్రుక. నాన్న తెడ్డుతో బురదలోంచి నెట్టాడు. నీళ్లు లోతైన చోట మీట నొక్కితే మోటారు దగ్గి, గొంతు సవరించుకుని, అందుకుంది. కెవిన్ అంకుల్ మూత మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. తర్వాత లేచి సీటు చూపించాడు.

"బేరం బేరమే. స్టీరింగు నీది."

పదేళ్ల ఆశ ఎదురుగా ఉంది. ఒడ్డున జూలీ లేచి నిలబడి చూస్తోంది. నడిపేది నేనైతే, తండ్రి ఇంకా నడపగలడని ఆమె కళ్లారా చూడదు.

"మీరే నడపండి అంకుల్, నేను వింటా," అన్నాను.

ఆయన భుజం మీద చెయ్యి వేసి వెనక నిలబడ్డాను: ఒకసారి తడితే బాగుందని, రెండుసార్లు తడితే తగ్గించమని. మలుపు దాకా ఒక్కో తట్టుతోనే వెళ్లాం, ఒక్కో తట్టుతోనే తిరిగొచ్చాం. ఒడ్డుకు చేరాక జూలీ నీళ్లలోకి దిగి బోటు అంచు పట్టుకుని, బాగానే వినిపిస్తోంది నాన్నా, అంది. ఆయన ఆమె పెదవులు చూసి, అవును, చాలా బాగా వినిపిస్తోంది, అన్నాడు.

ఆ బోటు ఆయన పోయేదాకా షెడ్డులోనే ఉంది. స్టీరింగు ఆ తర్వాత ఎన్నోసార్లు నాకిచ్చాడు, నేను అడక్కుండానే. మా దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల రిపేరు షాపుంది. కందిపప్పు సీలు వేసిన ప్యాకెట్లలో వస్తోంది, అందులో మరో గుప్పెడు పట్టదు. కార్బురేటర్ ఉన్న వస్తువు మా ఇంట్లో ఈ మోవర్ ఒక్కటే. బ్యాటరీది కొనమని మా అమ్మాయి పోరుతోంది.

తాడు లాగాను. అంటుకుంది. స్క్రూ తిప్పుతూ వరండాలో ఫోన్ చూసుకుంటున్న అమ్మాయిని పిలిచాను.

"ఎలా వినిపిస్తోందే?"

"సౌండ్స్ ఫైన్, డాడ్."

"దగ్గరికొచ్చి చెప్పు."

విసుక్కుంటూ వచ్చి, జుట్టు చెవి వెనక్కి తోసుకుని పక్కనే వంగింది. నా చెవులకు ఇంకా ఏ లోటూ లేదు. స్క్రూ ఎక్కడుండాలో అక్కడే ఉంది. అమ్మాయి లేచి వెళ్లిపోకుండా ఇంకొక్క వెంట్రుకంత తిప్పాను.