ఎండకు వీపు పెట్టి

మా బావ దేన్ని చూడాలన్నా, ఎవరితో మాట్లాడాలన్నా ముందు సూర్యుడు ఎక్కడున్నాడో చూస్తాడు. సూర్యుడికి వీపు వచ్చేదాకా మీ చుట్టూ నడుస్తాడు. అప్పుడు ఆగి, మీ వైపు చూస్తాడు. ఈలోగా మీరేం చెప్పినా ఆయనకు వినబడదు.

దీనికంతటికీ కారణం ఒక అట్ట. మేత గడ్డి మీద ప్రయోగాలు చేసే క్షేత్రంలో బావకు ఉద్యోగం. అదే చోట నేను మట్టి నమూనాల సంచులకు చీటీలు రాసి కడతాను. బావ జేబులోని అట్ట మీద లేత పసుపుపచ్చ నుంచి ముదురు ఆకుపచ్చ దాకా ఆరు పట్టీలున్నాయి, వాటి పక్కన ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్నాయి. మొక్కజొన్న ఆకును ఆ పట్టీల పక్కన పెడితే మొక్కకు మట్టిలోంచి నత్రజని అందుతోందో లేదో తెలుస్తుంది. నాలుగుంటే కడుపు నిండినట్టు. మూడుంటే ఆకలి. నేరుగా ఎండ పడితే రంగు సరిగ్గా తెలియదు కాబట్టి చూసే మనిషి తన నీడ ఆకు మీద పడేలా నిలబడాలి. ఈ మాట ఉద్యోగంలో చేరిన రోజున అందరికీ చెప్పారు. సాయంత్రానికి అందరూ మరిచిపోయారు. బావ ఇరవై రెండేళ్ళుగా గుర్తుపెట్టుకున్నాడు.

అక్కతో పెళ్ళి గురించి మా నాన్నతో మొదటిసారి మాట్లాడ్డానికి వచ్చినప్పుడు బావ వాకిట్లో ఆయన చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. దారికి అడ్డంగా ఉన్నానేమో అనుకుని నాన్న పక్కకు జరిగాడు. బావ మళ్ళీ నడిచాడు. నాన్న మళ్ళీ జరిగాడు. అలా రెండు చుట్లు తిరిగాక ఇద్దరికీ ఆయాసం వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మనిషి మంచివాడే, కాస్త చుట్టుదారి అని నాన్న లోపలికొచ్చి అక్కతో చెప్పాడు.

అక్క ఇష్టపడి ఆకుపచ్చ కిటికీ తెర కొనుక్కొచ్చింది. బావ దాన్ని వాకిట్లోకి తీసుకెళ్ళి, ఎండకు వీపు పెట్టి, పక్కన అట్ట పెట్టి చూశాడు.

"మూడు," అన్నాడు.

"తెరకు కూడా ఆకలేనా?" అంది అక్క.

"నేనేమన్నాను? మూడు అన్నాను."

ఆ తర్వాత మా ఇంట్లోకి ఆకుపచ్చ రంగు రాలేదు. పక్కింటి చిలకకు అయిదున్నర వచ్చింది. డాక్టరు గారి గది గోడకు రెండు వచ్చింది. డాక్టరు గారు నెల తిరక్కుండా గోడకు వేరే రంగు వేయించారు. బావ దేన్నీ మెచ్చుకోడు, తప్పుపట్టడు. అంకె చెప్పి ఊరుకుంటాడు. ఫొటోలు తీసే ఆయనకు మాత్రం బావంటే భయం. ఆరుబయట ఎన్నిసార్లు అందరినీ వరసగా నిలబెట్టినా, బావ చివరి క్షణంలో ఎండకు వీపు తిప్పేస్తాడు. మా ఇంటి గోడ మీది ఫొటోలన్నిటిలో బావవి ఒక చెవి, సగం వీపు ఉన్నాయి.

ఇంతవరకు ఆయన వల్ల ఎవరికీ నష్టం లేదు. పాలావిడ పొలం సంగతి వేరు.

పాలావిడ మాకు పాలు పోస్తుంది. ఆవిడకు రెండు ఆవులున్నాయి. పొలం ఆవిడ అత్తగారిది. నిరుడు వేసవిలో మేత దొరక్క మూడో ఆవును అమ్ముకున్నారు. ఈసారి బావ చెప్పాడని పాలావిడ మొక్కజొన్న సాళ్ళ మధ్య గడ్డి విత్తనం చల్లింది. కంకులు కోశాక గడ్డి పొలంలోనే ఉంటుంది, వేసవంతా ఆవులకు మేత అవుతుంది, వానకు కిందికి కొట్టుకుపోయే నత్రజనిని దాని వేళ్ళు పట్టి ఉంచుతాయి. బావ చెప్పింది ఇదే. మొక్కజొన్న నడుమెత్తు పెరిగేసరికి ఆకులు పసుపెక్కాయి.

ఒక ఉదయం పాలావిడ అత్తగారు పసుపు ఆకు ఒకటి తెంపుకుని మా వాకిట్లోకి వచ్చింది. ఆవిడ వెనకే పాలావిడ వచ్చింది. ముసలావిడకు ఆ మధ్యే కంటి ఆపరేషన్ అయింది. నల్ల కళ్ళద్దాలు ఇచ్చారు గాని, పెట్టుకుంటే గుడ్డిదనుకుంటారని పెట్టెలో దాచింది. నలభై ఏళ్ళు ఆ పొలంలో గడ్డి పీకానని, పీకీ పీకీ నడుం వంగిపోయిందని, ఇప్పుడు కోడలు అదే గడ్డిని విత్తనం తెచ్చి మరీ చల్లిందని ఆవిడ మొదలుపెట్టింది. ఆవిడ చెబుతుండగానే బావ ఆవిడ చుట్టూ నడిచి, ఎండకు వీపు పెట్టి, ఆకు అందుకున్నాడు.

"మూడు," అన్నాడు.

"అది చెప్పడానికి అట్టెందుకు? నాకు కళ్ళున్నాయి," అంది ముసలావిడ. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పది రోజులు చూస్తాను. ఆకు పచ్చబడిందా, సరే. లేకపోతే గడ్డి మొత్తం నా చేత్తో పీకేస్తాను."

పాలావిడ బావతో మెల్లిగా అంది. "గడ్డి పోతే ఈ రెండూ పోతాయి అన్నయ్యా. ఇంకెక్కడా మేత లేదు."

పొలానికి వెళ్ళాం. బావ పది మొక్కలు చూశాడు. అన్నీ మూడే. తర్వాత ఎవరూ చెయ్యని పని ఒకటి చేశాడు. వంగి, గడ్డి పోచ పక్కన అట్ట పెట్టాడు. అయిదు. యూరియా ఎలా వేశావని పాలావిడను అడిగాడు. ఆవిడ చెయ్యి గుండ్రంగా తిప్పి, పొలమంతా సమానంగా చల్లానని చూపించింది.

"గడ్డి తినేసింది," అన్నాడు బావ. "అది మట్టి పైపైనే వేళ్ళు పరుచుకుని ముందే కూర్చుంది. రెండూ తినాల్సినవే. కాని మొక్కజొన్నకు ముందు వడ్డించాలి."

గడ్డికి పంక్తి భోజనాలా అని ముసలావిడ గొణిగింది. అయినా గట్టు దిగి మాతో పాటు వచ్చింది. మొక్క మొదలుకు బెత్తెడు దూరంలో పుల్లతో గుంట చేసి, చెంచాడు యూరియా వేసి, మట్టి కప్పాం. గడ్డిని జానెడు ఎత్తు ఉంచి కోశాం. కోసిన గడ్డి ఆవులు తిన్నాయి. ఆ రోజు అందరికన్నా సంతోషంగా ఉన్నది అవే.

మర్నాటి నుంచి బావ రోజూ ఎనిమిదింటికి పొలానికి వెళ్ళేవాడు. నేనూ వెళ్ళేవాణ్ణి. బావను గాని అట్టను గాని నమ్మలేక ముసలావిడా వచ్చేది. ప్రతి మొక్క దగ్గరా ఆయన ఆవిడ చుట్టూ నడవడం, ఆవిడ విసుక్కోవడం. ఈ మనిషి పొలం చూడ్డానికి వస్తున్నాడా, నా చుట్టూ తిరగడానికి వస్తున్నాడా అని కోడల్ని అడిగింది. అయిదు రోజులు మూడే. ఆరో రోజూ మూడే. ఏడో రోజు మూడున్నర. ఎనిమిదో రోజు మబ్బు పట్టింది. ఎటు వీపు పెట్టాలో తెలియక బావ చేను మధ్య చాలాసేపు దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. ఆ వేళ అంకె లేదు.

తొమ్మిదో రోజు అనుకోనిది జరిగింది. ఆవులకు గడ్డి కోస్తూ బావ చొక్కా విప్పి కంచె మీద వేశాడు. పాలావిడ కేక విని వెళ్ళేసరికి ఆవు జేబులోని అట్టను నములుతోంది. లాక్కున్నాం. ఒకటి, రెండు, మూడు మిగిలాయి. నాలుగు, అయిదు, ఆరు ఆవు కడుపులో ఉన్నాయి. పశువుల డాక్టరు ఆవుకు ఏమీ కాదన్నాడు. క్షేత్రంలో అడిగితే కొత్త అట్టలు వచ్చే వారం వస్తాయన్నారు. గడువు మర్నాడే.

పాలావిడ ముఖం చూడలేకపోయాను. నాలుగు వస్తుందని ఎదురుచూస్తుంటే, నాలుగునే ఆవు తినేసింది.

పదో రోజు ముసలావిడ మాకన్నా ముందే చేను మధ్య నిలబడి ఉంది. అట్ట పోయిన సంగతి తెలుసని, పోతే పోయిందని, తానే చూస్తానని చెప్పింది. మొక్కజొన్న ఆకు ఒకటి వంచి పట్టుకుంది. తూర్పు ఎండ నేరుగా ముఖం మీద కొడుతోంది. కళ్ళు చికిలించింది. నీళ్ళు కారాయి.

"నాకేం పచ్చదనం కనబడట్లేదు. అంతా తెల్లగానే ఉంది," అంది.

పాలావిడ గడ్డి వైపు చూసింది.

బావ నడవడం మొదలుపెట్టాడు. ఆయన జేబులో అట్ట లేదు. చేతిలో ఏమీ లేదు. అయినా ఎప్పటిలాగే ముసలావిడ చుట్టూ వెళ్ళి, ఎండకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆయన పొడుగాటి మనిషి. నీడ ఆవిడ ముఖం మీద, చేతుల మీద, చేతుల్లోని ఆకు మీద పడింది.

"ఇప్పుడు చూడండి పెద్దమ్మా."

ఆవిడ కళ్ళు తుడుచుకుని చూసింది. ఆకును తిప్పి చూసింది. పక్క మొక్క ఆకు వంచి చూసింది. ఆవిడ జరిగిన కొద్దీ బావ జరిగాడు. అలా పది మొక్కలు చూసింది.

"నాలుగు," అంది ముసలావిడ.

తర్వాత వంగి, ఒక గడ్డి పోచను చేత్తో పట్టుకుంది. నలభై ఏళ్ళ అలవాటున చెయ్యి దాన్ని లాగబోయింది. ఆగింది. పోచను వదిలేసి, నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది.

"ఆవులకు పొద్దున్నే వేశావా?" అని కోడల్ని అడిగింది.

తిరిగి వస్తూ నేను అడిగాను. "అట్ట లేదుగా బావా. మరి చుట్టూ ఎందుకు తిరిగారు?"

"పది రోజులుగా ఆవిడ కళ్ళు కారుతున్నాయి. నువ్వు చూడలేదా?"

"ఆవిడ సరే. మా నాన్న చుట్టూ ఎందుకు తిరిగారు?"

బావ కొంచెం ఆలోచించాడు. "ఆ రోజు ఎండ ఎక్కువగా ఉంది," అన్నాడు. మరుక్షణం నడక వేగం పెంచాడు.

ఇంటికొచ్చి గోడ మీది ఫొటోలు మళ్ళీ చూశాను. మా నాన్న, మా పిన్నులు, నేను, అందరం కళ్ళు చికిలించుకుని పుల్లటిదేదో తిన్నట్టున్నాం. ఒక్క అక్క మాత్రం కళ్ళు పూర్తిగా తెరిచి చూస్తోంది. ఆవిడ ముఖం మీద నీడ, పక్కన ఒక చెవి, సగం వీపు.

అక్కను పిలిచి చూపించాను. ఆవిడ ఫొటో అద్దం మీద దుమ్ము తుడిచింది.

"నాకెప్పుడో తెలుసు," అంది.

"మరి ఆయనతో అనలేదేం?"

"అంటే సిగ్గుపడి మానేస్తారు."

బయట గేటు చప్పుడైంది. కొత్త కిటికీ తెర కొనడానికి డబ్బులు అడగాలని అక్క, రేపటి సంచుల సంగతి చెప్పాలని నేను వాకిట్లోకి వెళ్ళాం. బావ తలెత్తి సూర్యుడెక్కడున్నాడో చూశాడు. ఆయన మా చుట్టూ తిరిగి వచ్చేదాకా ఇద్దరం కదలకుండా నిలబడ్డాం.