సాంచాలు ఆగిన మధ్యాహ్నం

పాసయ్యాను! బీఎస్సీ నర్సింగ్, అదీ ఫస్ట్ క్లాసులో. మా ఇంట్లో ఇంతకుముందు డిగ్రీలు జ్వరానికే వచ్చేవి. జగిత్యాల హాస్టల్ గదిలో ఫోన్‌లో రిజల్ట్ చూసి నేను వేసిన కేకకి, పక్క గది అమ్మాయిలు పాము దూరిందనుకొని మంచాలెక్కారట. ఆ ఫస్ట్ క్లాసులో కొంత వాటా ప్రాక్టికల్ పరీక్షది. ఆ రోజు ఎగ్జామినర్ మేడమ్ నన్ను నెలలు నిండకుండా పుట్టిన ఒక పాప దగ్గర నిలబెట్టి, ఏం గమనించావని అడిగారు. నేనింకా పాప వైపు చూడనేలేదు. "మూలుగుతోంది మేడమ్, ఊపిరి వదిలేటప్పుడల్లా" అన్నాను. ఎక్కడ నేర్చుకున్నావంటే "ఇంట్లో" అన్నాను. ఆవిడ నవ్వారు. నాకు మాత్రం మెడ వెనక వెంట్రుకలు లేచాయి. ఆ చప్పుడు నేను మొదటిసారి విన్నది మా తాత సాంచా దగ్గర, తాత పోయిన తర్వాత.

పవర్‌లూమ్‌ని మా సిరిసిల్లలో సాంచా అంటారు. మా ముందు గదిలో అవి పొద్దున మొదలైతే గోడలు, గిన్నెలు, మనుషులు అన్నీ ఊగుతుండేవి. ఆ మోతలో మాట వినబడదు గనక అంతా సైగలే: ఉప్పు కావాలంటే చెయ్యి, అన్నం చాలంటే కనుబొమ్మ. కొత్తగా వచ్చిన చుట్టం మాత్రం మేమంతా కొట్లాడుకున్నామేమో అనుకునేవాడు. గోడ పక్కనున్న సాంచా తాతది. నడుస్తున్న సాంచా పక్కనే కూలబడి పోయాడాయన. ఆ తర్వాత బాపు దాన్ని నడపలేదు, అమ్మేయనూ లేదు. తెలంగాణ కోసం ఊరూరూ రోడ్డెక్కిన ఆ రోజుల్లో మా అక్క కోరుట్ల నుంచి పురుటికి వచ్చింది. ఉమ్మనీరు ముందే పోయి, నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది, పాలు తాగింది, బాగానే ఉందని ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపేశారు. తల్లీబిడ్డలకి తాత సాంచా పక్కనున్న ఆ గోడ అవతలి గది ఇచ్చాం. సాంచాల మోత ఆ గదిలోకీ వచ్చేది. ఆ మోతలో పిల్లలు బాగా నిద్రపోతారని మా నమ్మకం, మేమంతా అలా పెరిగినవాళ్లమే.

అంతలో బంద్ వచ్చింది. ఊళ్లో సాంచాలన్నీ ఒకేసారి ఆగాయి. అంత నిశ్శబ్దం నేను పుట్టాక వినలేదు. ఎండ కూడా చప్పుడు చేస్తుందేమో అనిపించింది. అమ్మ చెంబు కింద పెడితే అందరం ఉలిక్కిపడ్డాం. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తినే వంటావార్పు నిరసనకి బాపు వెళ్లాడు. నేను ముందు గదిలో నూలు చుట్టిన కండెలు సర్దుతుంటే తాత సాంచా వైపు నుంచి వినిపించింది: "హూఁ... హూఁ... హూఁ." బరువు మోస్తున్న మనిషి మూలిగినట్టు, ఒకే వరసలో. కాసేపు ఆగింది. ఇక లేదనుకునేలోపు మళ్లీ. ఇనుము మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఏమీ కదలడం లేదు. అయినా మూలుగు అక్కడే ఉంది.

చెవులు సరిగా వినబడని నాయనమ్మ నా మొహం చూసి లేచి వచ్చింది. నేను చేత్తో సాంచా చూపించి, గొంతు పట్టుకొని మూలిగి చూపించాను. ఆమె కళ్లు తడయ్యాయి.

"మీ తాతనే గాదా! మునిమనుమరాల్ని సూద్దామని అచ్చిండు. కొబ్బరికాయ తేపో, పోరీ."

"ఆయినకు కొబ్బరికాయెందుకే, బీడీ పెట్టు, సప్పుడు జెయ్యకుండ పోతడు" అని అమ్మ నవ్వబోయింది గానీ, మళ్లీ "హూఁ" అనేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

నాయనమ్మ సాంబ్రాణి వేసింది. పొగ సాంచా చుట్టూ తిరిగి తలుపు సందులోంచి అక్క గదిలోకి పాకింది. వెంటనే మూలుగు జోరందుకుంది. తాత కోపగించుకున్నాడని అమ్మ దండం పెట్టింది. నాకెందుకో ఆ పొగ ఎటు పోతే అటు పోవాలనిపించింది. అక్క అలసిపోయి నిద్రపోతోంది. పక్కన పాప. పొత్తిగుడ్డ విప్పితే, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం గుంట పడుతోంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. పెదాల చుట్టూ నీలం. నోట్లోంచి "హూఁ."

"తాత గాదే అమ్మా! పాపనే!"

పక్కింటి ఆటోలో కరీంనగర్ బయలుదేరాం. ఊరు దాటకముందే రోడ్డుకడ్డంగా రాళ్లు, పొయ్యిలు, నినాదాలు. ఆ గుంపులో గరిటె పట్టుకొని మా బాపు. అమ్మ ఆటోలోంచే చేతులతో చెప్పింది: బిడ్డ, ఊపిరి, పోతోంది. అంత గోలలో ఆ సైగ అర్థమైంది బాపుకొక్కడికే.

"రాళ్లు తీయుండ్రి! నా మనుమరాలు!"

నినాదం సగంలో ఆగింది. అందరూ వంగి రాళ్లు పక్కకి దొర్లించారు. ఆ నిశ్శబ్దంలో, ఆటోలోంచి వస్తున్న ఆ చిన్న మూలుగు అంతమందీ విన్నారు. ఒకాయన, శవం ఎదురైతే తీసినట్టు, తలమీది రుమాలు తీసేశాడు. అది చూసి నాకు భయమేసింది.

కరీంనగర్‌లో పిల్లల డాక్టరు పాపని గాజుపెట్టెలో పెట్టి ఆక్సిజన్ ఇచ్చాడు. ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగలేదు, పైగా ఉమ్మనీరు పోయినప్పుడు కడుపులోనే ఇన్ఫెక్షన్ పట్టుకుంది అన్నాడు. "ఇంటికి తీసుకెళ్లిన దగ్గర్నుంచి మూలుగుతూనే ఉండి ఉంటుంది. మీకు వినబడలేదా?" అని అడిగాడు. అమ్మ చేత్తో సాంచా ఆడినట్టు చూపించింది. పాప బతికింది.

ఇందాక మొదటి ఫోన్ కోరుట్లకే చేశాను. "ఏ చిన్నమ్మా, పాసైనవానే? గట్లొర్రకు, నా చెవులు పోతున్నయ్!" అంది ఆ పాప, నాకంటే గట్టిగా అరుస్తూ. ఆ తర్వాత ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగింది. నేనూ మాట్లాడడం ఆపి విన్నాను. ఇన్నేళ్లు గడిచాయి కదా అనుకుంటాం గానీ, ఆ మధ్యాహ్నం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎక్కడ కాస్త చప్పుడు ఆగితే అక్కడికి వచ్చి కూర్చుంటుంది.