ఎందుకు కుదరదండీ?
చైనాలోని లియుజౌ సంతలో పుల్లటి వెదురు మొలకలు అమ్మే లాన్‌ఫెన్ బేరాల్లో గయ్యాళే గాని, ఆసుపత్రి గడప తొక్కితే చాలు, గొంతు పిల్లికూనలా అయిపోతుంది. హెచ్‌ఐవీ ఉందని తెలిసిన నాటినుంచీ అంతే. డాక్టర్లు ఏమన్నా మెడ వంచి, చెప్పులకేసి చూస్తూ తలాడిస్తుంది. అలాంటి మనిషిని రోగుల సంఘం నాయకత్వ శిక్షణకు పంపింది. శిక్షణ ఇచ్చే టాన్‌కూ అదే జబ్బు. అతను డాక్టరు వేషం కట్టి, "నీకు పన్ను పీకం, పో!" అని గద్దించాడు. "సరేనండి" అంటూ ఆమె నిజంగానే బయటికి నడిచింది. అందరూ పడీపడీ నవ్వారు, ఆమె కూడా.

"సరేనంటే ఎలా అక్కా? ఎందుకు పీకరని అడగాలి!"

"అడిగితే కోప్పడతారేమో తమ్ముడూ!"

ఆ మరుసటి వారమే సంఘంలోని మో తాతకు పన్ను పుచ్చి దవడ వాచింది. లాన్‌ఫెన్ తోడు వెళ్ళింది. పళ్ళ డాక్టరు చీటీలో హెచ్‌ఐవీ అని ఉండటం చూసి, "ఇక్కడ కుదరదు, వేరేచోటికి వెళ్ళండి" అన్నాడు. తాత లేచాడు. ఆమె మాత్రం లేవలేదు.

"ఎందుకు కుదరదండీ?"

ఆయన చీటీ వెనక్కి తోశాడు. ఆమె అదే సన్నని గొంతుతో మళ్ళీ అడిగింది. వరుసలో ఉన్నవాళ్ళు తొంగిచూసేదాకా అడుగుతూనే ఉంది. చివరికి డాక్టరు విసుక్కుంటూ గ్లవ్స్ తొడుక్కున్నాడు.

బయటికొచ్చి మెట్లమీద కూలబడి ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. తాత నోట్లో దూదితో ఏదో గొణిగాడు.

"మాట్లాడకు తాతా, రక్తం కారుతుంది" అంది ముక్కు చీదుకుంటూ.

తాత దూది తీసేసి మరీ అన్నాడు: "లీడరమ్మా, ఇంకో పన్ను కూడా కదులుతోందే!"