చప్పుడు లేని చిన్న టీవీ

ఆ రోజుల్లో ఒక వస్తువు గురించి జనం ఏమనుకుంటున్నారో తెలియాలంటే వాళ్లింటికి వెళ్లి, చెప్పులు విడిచి, టీ తాగి, మోకాళ్ల నొప్పుల సంగతి మొత్తం విన్న తరువాతే అడగాలి. ఇప్పుడు మా అమ్మాయి దువ్వెన కొన్నా సరే ఫోన్లో నక్షత్రాలు నొక్కి పారేస్తుంది. గోదావరిఖనిలో వినియోగదారుల అభిప్రాయాలు సేకరించిన మొదటి మనిషిని నేనేనని నా గట్టి నమ్మకం. ఈ సంగతి ఏ గ్రంథాలయంలోనూ దొరకదు (వెతికాను). అప్పట్లో నేను పనిచేసిన దుకాణం సేటు దీన్ని తన నష్టాల కథగా చెప్పుకుంటాడు. మా కాక చెప్పే కథలోనైతే నేను అసలు ఉండను. అందుకే, కనీసం ఒక్కచోటైనా నా పేరు మీద ఉండాలని రాసి పెడుతున్నాను.

ఇంటర్ తప్పి, చౌరస్తా దగ్గర టీవీలు, టేపురికార్డర్లు అమ్మే దుకాణంలో చేరాను. అది నా మొదటి ఉద్యోగం. నాన్నకు అది ఉద్యోగంలా కనపడలేదు, పెళ్లి కుదిరేదాకా కాలక్షేపంలా కనపడింది. ఈ పని నిలబెట్టుకుంటే మళ్లీ పరీక్షకు కట్టుకోవచ్చు, లేకపోతే కుట్టుమిషన్ ముందు కూర్చోవాలి. ఇదీ ఇంట్లో ఒప్పందం. సాయంత్రాలు లైబ్రరీలో గడిపేదాన్ని. వ్యాపార మెళకువల మీద అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి రెండుసార్లు చదివాను. కొనుగోలుదారు వేరు, వినియోగదారు వేరు అని అందులో ఉంది. ఆ తేడా కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పేదాన్ని. కాలనీలో నన్ను చూసి పిల్లలు పక్కకు తప్పుకోవడం అప్పుడే మొదలైంది.

సెల్‌ఫోన్లలో ఇంకా సినిమాలు రాలేదు. అరచేతిలో పట్టే ఎంపీఫోర్ ప్లేయర్ కొత్తగా వచ్చింది. పాటలు వినొచ్చు, బొమ్మ చూడొచ్చు. పత్రికలో దాని గురించి చదివి, సేటు చెవిలో జోరీగలా తిరిగి, ఒక పెట్టె నిండా తెప్పించాను. తెచ్చాక ఒక్కటీ కదల్లేదు.

"దసరా ముంగట బొగ్గుబాయోళ్లకు బోనస్ పడ్తది. అప్పటిదాక జూస్త. అవి పోకపోతే నువ్వే పోవుడు, బిడ్డా," అన్నాడు సేటు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట అన్నాక నాకు సగం సమోసా ఇచ్చాడు.

అప్పుడు నా పుస్తకం నాకు దారి చూపింది. వాడినవాళ్ల మాటను మించిన ప్రకటన లేదట. ఒక ప్లేయరును ఇంటింటికీ వాడకానికి ఇచ్చి, వాళ్లన్న మంచి మాటలను దుకాణం ముందు నల్లబల్ల మీద రాస్తానన్నాను. సేటు సుద్దముక్క కూడా కొనిచ్చాడు.

మొదట మా పక్క క్వార్టరు అవ్వ. సినిమా పెట్టిచ్చి, సాయంత్రం వెళ్లి అభిప్రాయం అడిగాను. "మనుషులు చీమలంత ఉన్నరే పిల్లా! ఏడుస్తాండ్రో నవ్వుతాండ్రో ఎర్కయితలేదు. ఎందుకైనా మంచిదని నేనైతే ఏడ్సిన," అంది. అది పెళ్లి సినిమా, మొదటి నుంచి చివరిదాకా నవ్వులే. రెండోది చర్చిలో పాడే క్వయిరక్క. చెవుల్లో వైర్లు పెట్టుకుని పాటతో పాటు గొంతెత్తి పాడిందట. "యంత్రం మంచిగనే ఉన్నది గని, నేను పాడేది నాకు ఇనవస్తలేదు. మా ఆయనకు మాత్రం ఇనవచ్చిందట. బయటికి లేసి పోయిండు," అంది దిగులుగా. ఈ రెంటిలో నల్లబల్ల మీదికి ఏది ఎక్కించాలో ఎంత ఆలోచించినా తేలలేదు. బల్ల నల్లగానే ఉంది.

ఇక మిగిలింది కాక. నాన్న తమ్ముడు, బొగ్గుబావిలో నైట్ షిఫ్టు. పగలు పడుకోవాలి. ఇంట్లోనేమో చిన్నమ్మ, చెల్లి పెద్ద టీవీ పెట్టి చూస్తుంటారు, కుక్కరు కూస్తుంది, పక్కింట్లో గొడవ. పాపం ఈయన ఎట్లా పడుకుంటాడా అని ఎప్పుడూ జాలిపడేదాన్ని. ఇక్కడే నా బుర్రలో దీపం వెలిగింది. పెద్ద టీవీ ఆపేసి, తల్లీకూతుళ్లు చెరో చెవికి వైరు పెట్టుకుని ఇందులో చూస్తే, కాకకు హాయిగా నిద్ర! సగానికి సగం ఇళ్లు నైట్ షిఫ్టువాళ్లవైన ఈ ఊరికి ఇంతకంటే ఏం కావాలి? "డ్యూటీ చేసి వచ్చిన మనిషికి నిశ్శబ్దాన్ని బహూకరించండి" అని నల్లబల్లకు వాక్యం కూడా తయారుచేసుకుని వెళ్లాను.

అన్నీ నేనే దగ్గరుండి ఆపించాను. ఫ్యాను కూడా కిర్రుమంటోందని ఆపించాను. ఇల్లంతా చల్లగా మౌనం పరుచుకుంది. కాసేపటికి లోపలి గదిలోంచి కేక.

"ఫ్యాన్ బందయింది! నడువుండ్రి, అందరు బయటికి నడువుండ్రి!"

కాక లుంగీ ఎగ్గట్టుకుని దూసుకొచ్చి, చిన్నమ్మను ఒక చేత్తో, చెల్లిని ఒక చేత్తో పట్టి వీధిలోకి లాక్కుపోయాడు. వాళ్లిద్దరి చెవుల్లో వైరు అట్లాగే ఉంది. మధ్యలో ప్లేయరు ఉయ్యాల ఊగుతోంది. క్వార్టర్ల లైనంతా బయటికి వచ్చింది.

"ఏమైందయ్యా, పిచ్చిగిట్ల లేసిందా?" అని చిన్నమ్మ.

కాక అప్పటికి పూర్తిగా మేలుకున్నాడు. నా వైపు తిరిగి నీరసంగా అన్నాడు. "బాయిల గాలి ఫ్యాన్ చప్పుడు ఆగిందంటే లోపల గాలి ఆడది, ఉరుకుడే, బిడ్డా. చప్పుడున్నంతసేపే మాకు పానం నిమ్మలం. గింత చప్పుడు లేకపోతె నిద్ర ఎట్ల వడ్తది?"

ఏ పుస్తకంలోనూ నాకు ఈ సంగతి దొరకలేదు. ఆ పూట కాకకు నిద్ర లేదు, రాత్రికి డ్యూటీకీ పోలేదు. "ఆ చిన్న టీవీ ఇంట్ల వెడితే మొగోళ్లు లేసి ఉరుకుతాండ్రట" అన్న అభిప్రాయం మాత్రం నల్లబల్ల అవసరం లేకుండానే కాలనీలన్నీ తిరిగింది.

బోనస్ పడింది. దుకాణం జనంతో నిండింది. అందరూ పెద్ద టీవీల దగ్గరే. నా ముఖం చూడలేక కాక, నైట్ డ్యూటీ దిగి స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని దుకాణానికి వచ్చాడు. "దాని గురించి నలుగుర్ల నాతోని అయినంత మంచిగ చెప్త తియ్, ఫికర్ జేయకు," అన్నాడు. సేటు సంబరంగా బెంచీ మీద కూర్చోబెట్టి, "ఇగో, రేడియో గూడ వస్తది" అని ప్లేయరును దుకాణం స్పీకరుకు తగిలించి నొక్కాడు. ఆ రేడియోకు మా ఊళ్లో ఏ స్టేషనూ అందదు. హోరుమని ఒకటే శబ్దం. కాక ఆ హోరు వింటూ "మంచిగ... ఉన్నది..." అన్నాడు. తరువాతి మాట గురకగా వచ్చింది. ఇద్దరు ముగ్గురు గుమిగూడారు. "మా ఆయనకు గిసుంటిదే కావాలె, ఎంతకిస్తరు?" అని ఒకామె అడిగింది కూడా! నా గుండె ఎగిరింది. ధర చెప్పడానికి, మాట వినపడట్లేదని సేటు రేడియో ఆపాడు.

మీరు ఊహించగలరు. కాక ఎగిరి లేచి అరిచిన అరుపుకు, దుకాణంలో ఉన్న కార్మికులందరూ ఒక్కమాట అడగకుండా, భార్యాపిల్లలను చేతులు పట్టుకుని చౌరస్తాలోకి పరుగెత్తారు. ధర అడిగిన ఆమె కూడా. బయట నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. సిగ్గుపడి ఒక్కరూ మళ్లీ లోపలికి రాలేదు. ఎదురు దుకాణంలోకి వెళ్లారు.

సేటు చాలాసేపు ఖాళీ దుకాణాన్ని చూశాడు. "బిడ్డా, నువ్వు లైబ్రరీకి పో. ఆడ జీతమియ్యరు గని, నష్టం గూడ కాదు," అన్నాడు మెల్లగా.

ఇంటికి నడుస్తుంటే కాక వెనకాలే వచ్చాడు. నేను ఏడుపు ఆపుకుంటున్నాను.

"డ్యూటీ పోయిందా బిడ్డా?"

"పోయింది కాకా."

కాక నాలుగడుగులు గబగబా వేసి నా పక్కకు వచ్చాడు. తరువాత, అంతకంటే పెద్ద ఓదార్పు తనకు తెలియనట్టు అన్నాడు. "పోతె పోనియ్. లోపల ఎవ్వలు మిగలలే గదా. అందరం బయటికొచ్చినం."

ఈ చరిత్ర నడవడానికి సాయపడ్డవాళ్లకు నా కృతజ్ఞతలు. తెలియని సినిమాకు నమ్మకంగా ఏడ్చిన పక్కింటి అవ్వకు, క్వయిరక్కకు, లేచి వెళ్లిపోయిన ఆమె భర్తకు, వైరు తెగకుండా నా వస్తువు తిరిగిచ్చిన చిన్నమ్మకూ చెల్లికీ, పనిచేసిన రోజులన్నిటికీ జీతం లెక్కకట్టి ఇచ్చిన సేటుకు, కాకకు. మర్నాడు తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉన్న నన్ను చూసి, ఇవాళ పనిలేదా అని అడగకుండా తాళం తీసి కిటికీ పక్క కుర్చీ చూపించిన లైబ్రరీ సారుకు కూడా. ఆ కుర్చీలో కూర్చుని, ముక్కు ఎగబీలుస్తూ, తను ఎక్కడ తప్పిందో పుస్తకంలో వెతుక్కుంటున్న ఆ పిల్లను తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. పక్కన కూర్చుని, తల నిమిరి, ఇంకో పేజీ తిప్పమ్మా అనాలనిపిస్తుంది.