మా బావ సీసాలో నురగ గూడు

మా బావకి చేపల గురించి ఏమీ తెలియదు. ఈ నమ్మకాన్ని నేను ఇప్పటికీ పూర్తిగా వదులుకోలేదు. రాజాంలో ధాన్యం వ్యాపారం వాళ్ళది. ఇంట్లో నీచు వండరు. మాది భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు. నాన్న వేటకి వెళ్ళేవాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మేది. అలాంటి ఇంటి పిల్లని, మా అక్కని, అతను ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. ఆ సంగతి నేను ఎప్పుడో క్షమించాను. క్షమించలేకపోయింది చేప సంగతి.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ గంపతో వెళ్ళిపోతే నన్ను పెంచింది ఆమే. అన్నం కలిపి పెట్టడం దగ్గర్నుంచి చేపలు చూసుకోవడం దాకా అన్నీ ఆమె చేతి చదువే. చేప కన్ను ఎలా ఉంటే తాజాదో చెప్పింది. చేపలుంచిన తొట్టిలో నీళ్ళ మీద నురగ కడితే గిన్నెతో తీసి పారబొయ్యాలని చెప్పింది. నురగ చూస్తే కొనడానికి వచ్చినవాళ్ళు వెనక్కి పోతారట. ఒకసారి నేను మరిచిపోతే ఆమె నా చెవి మెలిపెట్టింది. మళ్ళీ మరిచిపోలేదు.

ఇప్పుడు నేను విజయనగరంలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. పెళ్ళి కాలేదు. పెళ్ళయ్యాక అక్క నెలకోసారి రాజాం నుంచి బస్సెక్కి నా గదికి వచ్చేది, చేప తినడానికి. అత్తవారింట్లో లేనిది నా దగ్గరే దొరుకుతుంది కదా. ఆ ఒక్క ఆదివారం కోసం నేను వారం ముందునుంచీ ఏ చేప తేవాలా అని ఆలోచించేవాణ్ణి. బావకి ఎంత డబ్బున్నా పులుసు పెట్టలేడు. నా గొప్ప అంతా అక్కడే ఉండేది.

రెండేళ్ళ కిందట ఒకరోజు అక్క ఫోన్ చేసి, మీ బావ నాకు చేపని తెచ్చాడంది. పులుసుకేనా అన్నాను. ఆమె నవ్వలేదు. నీలం రంగు ఫైటర్ చేప, బెట్టా అంటారు. ఊరగాయ పెట్టుకునే పెద్ద గాజుసీసాలో వేసి భోజనాల బల్ల మీద పెట్టాడట. చేపల మధ్య పెరిగిన మనిషివి, ఈ ఇంట్లో ఒక్క చేపా లేకుండా నీకెలా ఉంటుందో అన్నాడట. ఆ మాట ఆమె గొంతులో విన్నప్పుడు నాకు కడుపు మండిపోయింది. అన్నేళ్ళూ నేను ఆమెకి చేప పెట్టాను కానీ, అలాంటి ప్రశ్న నాకు తట్టలేదు.

వారం తిరగకుండా అది గూడు కట్టింది. బావే ఫోన్ తీసుకుని నాకు వివరించాడు. మగచేప పైకొచ్చి గాలి మింగుతుందట, నోట్లోని జిగురు పట్టించి ఒక్కో బుడగా వదులుతుందట, ఆ బుడగలన్నీ ఒకదానికొకటి అంటుకుని నీటి మీద గూడవుతాయట. గుడ్లు అందులో పెట్టుకుని కాపలా కాస్తుందట, జారిపడితే నోటితో ఏరి మళ్ళీ పైకి చేరుస్తుందట. ఆడచేప లేకపోయినా గూడు మాత్రం కట్టి ఉంచుతుందట. చేపపిల్లకి ఈత నేర్పినట్టు ఇదంతా నాకు చెబుతున్నాడు, ధాన్యం వ్యాపారి. నేను ఊఁ కొడుతూ విన్నాను.

ఆ నెల అక్క రాలేదు. గూడు చూసుకుంటూ కూర్చుంటే ఆదివారం తెలియలేదంది. ఆమె కోసం తెచ్చిన వంజరం చేప ముక్కలు ఒక్కణ్ణే తిన్నాను.

మర్నాడే వెళ్ళి నేనూ ఒక బెట్టాని కొన్నాను, ఎర్రది. సీసా కాదు, రెండడుగుల తొట్టి, రంగురాళ్ళు, నీళ్ళు తిప్పే పంపు. పంపు చప్పుడుకి నిద్ర పట్టక రాత్రిళ్ళు ఆపేసేవాణ్ణి, పొద్దున లేవగానే తొట్టి శుభ్రం చేసి మళ్ళీ వేసేవాణ్ణి. గూడు లేదు. ఒక నెల అయింది, రెండు నెలలయ్యాయి. అక్క ఫోన్ చేసిన ప్రతిసారీ అదే అడిగేది. వెనకనుంచి బావ, తొందరేటి బామ్మర్దీ, కడతాదిలే అనేవాడు. ఎగతాళి చేసినా బాగుండేది. అతని మంచితనం పుండు మీద కారంలా ఉండేది.

ఒకసారి రాజాం వెళ్ళాను. సీసాలో పంపు లేదు, రాళ్ళు లేవు, ఎండిన బాదం ఆకు ఒకటి తేలుతోంది. దాని కింద వేలెడు మందాన, తెల్లగా, పెరుగు మీద మీగడలా గూడు. అక్క కాఫీ కోసం లోపలికి వెళ్ళింది. బావ కొట్లో ఉన్నాడు. నేను చూపుడువేలు ముంచి ఆ గూడుని చెదరగొట్టాను. నీలం చేప మొప్పలు విప్పి నా వేలిమీదికి వచ్చింది. కాఫీ వచ్చేసరికి మళ్ళీ బుడగలు వదలడం మొదలుపెట్టింది. నేను ఏమీ ఎరగనట్టు కాఫీ తాగాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతి నెల, ఎర్రచేప వచ్చాక మొదటిసారి, అక్క చేప తినడానికి వచ్చింది. పొద్దుటి బస్సుకే వచ్చేసింది. తలుపు తీసి మళ్ళీ తొట్టి దగ్గరికి వెళ్ళి, గ్లాసుతో నేను రోజూ చేసే పనిలో పడ్డాను.

"ఏటి సేస్తన్నావురా?" అంది, చేతిలో సంచి కింద పెట్టకుండానే.

"నురగ తీస్తన్నాను. రోజూ ఈ మూలకి కడతన్నాది. ఏం నీళ్ళో మరి."

ఆమె నా చేతిలోని గ్లాసు తీసుకుని వెలుగులో పెట్టి చూసింది. నేనూ చూశాను. అన్ని రోజుల్లో ఆ నురగని నేను కళ్ళతో చూసింది అదే మొదటిసారి. సన్నటి బుడగలు, ఒకే సైజువి, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

"ఒరే, ఇది గూడురా," అంది మెల్లిగా. "నురగ తీసీమని నానే నేర్పాను గదా నీకు."

తొట్టిలో ఎర్రచేప ఖాళీ మూలలో అటూ ఇటూ తిరుగుతోంది. ఇన్ని నెలలుగా అది రాత్రంతా కట్టింది, నేను పొద్దున్నే తుడిచేశాను. ఆపైన రాజాం చేపని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

"మొదట్రోజు నానూ తీసీబోయాను," అంది అక్క. "మీ బావ సెయ్యి పట్టుకున్నాడు. ఉండు, అదేటో సేస్తన్నాది, సూద్దాం అన్నాడు."

అతనికి చేపల గురించి ఏమీ తెలియదు. తెలియదు కాబట్టే ఆగి చూశాడు. నాకు అన్నీ తెలుసు, ఈ గదిలో నా చెయ్యి పట్టుకునేవాళ్ళు లేరు.

"బావకి సెప్పకే," అన్నాను.

"ఆయనకి సెప్పకుండా నాకేటి దాగుతాదిరా," అంది, చాలా మామూలుగా, చెప్పులు విప్పుకుంటూ.

ఆ రోజు పులుసు బాగా కుదిరిందని రెండుసార్లు వడ్డించుకుంది. సాయంత్రం బస్సెక్కించి వచ్చి పంపు ప్లగ్గు పీకేశాను. మర్నాడు గ్లాసు ముట్టుకోలేదు. నాలుగోరోజుకి మూలన అరచేతి మందాన గూడు, దాని కింద ఎర్రచేప కాపలా. మూడు ఫోటోలు తీశాను, ఒకటి చాలా బాగా వచ్చింది. అక్కకి పంపుదామని పేరు నొక్కి, ఆగిపోయాను. పంపితే ఆమె ముందుగా చూపించేది అతనికే. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లోనే ఉంది.